మూడో బిడ్డ

ఆ ఏడు వానలు దసరా దాటినా వదల్లేదు. పత్తి ఆలస్యంగా పగిలింది. మా వాడ ఆడవాళ్ళంతా తెల్లారగానే పత్తి ఏరే కూలికి పోతున్న రోజుల్లో గ్రామపంచాయతీ ఎన్నికల నోటీసు వచ్చింది. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్ళకు పడింది. పక్కనున్న కుండల్‌వాడి పట్నంలో ఎరువుల దుకాణం ఉన్న మా ఊరి బాబురావ్ సేఠ్ తన భార్య ఉమాబాయిని నిలబెడతాడని, ఆమే గెలుస్తుందని ఊరంతా అనుకుంది. పోయినసారి సేఠ్ గెలిచాడు. అంతకుముందు వాళ్ళ నాన్న.

ఒక ఆదివారం పొద్దున పదిహేనుమంది ఆడవాళ్ళు మా ఇంటి ముందుకు వచ్చారు. అందరికంటే ముందు రుక్మాబాయి. మా అమ్మ, మేం అవ్వ అంటాం, గిన్నెలు తోముతోంది.

“అక్కా, ఈసారి నువ్వే నిలబడాలె,” అంది రుక్మాబాయి.

“నేనెందుకే? నాకు సంతకం సుత రాదు.”

“బిలోలి ఆఫీసు ముంగట మూడు దినాలు ఉపాసం కూసున్ననాడు నిన్ను ఎవరన్న సంతకమడిగిన్రా?”

మా అవ్వ పేరు మైసవ్వ. భూమి లేదు, చదువు లేదు. ఊరికి నల్లాలు వచ్చినప్పుడు పైపు సేఠ్ ఇంటి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి మా వాడ ఎంత దూరమో కాదు, పిలిస్తే వినబడుతుంది. ఆ కాస్త పైపు కోసం అవ్వ మూడు ఎండాకాలాలు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, ఖాళీ బిందెలతో బిలోలి తాలూకా ఆఫీసుకు వెళ్ళి కూర్చుంది. అధికారులు ప్రతిసారీ ఒకటే మాట చెప్పి పంపారు: మీ పంచాయతీ నుంచి ఠరావు రావాలి. పంచాయతీ ఆ తీర్మానం చేయదు. సర్పంచ్ సంతకం పెట్టడు. అందుకే ఆ ఆదివారం మా ఇంటి ముందు అంతమంది.

“ఎంకవ్వను నిలబెట్టుండ్రి,” అంది అవ్వ. “నాకంటె పెద్దది. అందరికి కావలసిన మనిషి.”

మా పక్కింటి ఎంకవ్వకు అరవై దాటాయి. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఆమె గబుక్కున రుక్మాబాయి వెనక్కి జరిగింది. “నన్నెందుకు గుంజుతవ్ మైసవ్వా? నాకు మైకు చూస్తెనే దడ.”

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. చాలాసేపు బతిమాలించుకుని చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఎంకవ్వ కూడా ఒక నామినేషన్ అర్జు వేయాలి. “నాకేమన్న అయితే ఎనుక ఒక మనిషుండాలె గద. నాది నిలబడితే ఆమె వాపస్ తీసుకుంటది.”

అర్జు నింపడానికి కుండల్‌వాడి కంప్యూటర్ సెంటర్‌కు మా అన్న సూర్యకాంత్ వెళ్ళాడు. అన్న ధర్మాబాద్ దాకా జీపు నడుపుతాడు. రాత పనికి తోడుగా నేనూ వెళ్ళాను. కంప్యూటర్ ముందున్నతను ఒక్కొక్కటే అడుగుతూ కొడుతున్నాడు. పేరు, వయసు, వార్డు.

“పిల్లలెందరు?”

అన్న నావైపు చూశాడు. మా మరాఠీ రాష్ట్రంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీకి నిలబడరాదు. నేను తల ఊపాను.

“ఇద్దరు,” అన్నాడు అన్న.

అన్న, నిజామాబాద్ రైస్‌మిల్లులో పనిచేసే చిన్నన్న అనికేత్, వాళ్ళిద్దరే అవ్వ కన్న పిల్లలు. నేను అవ్వ చెల్లెలి కూతురిని. నది అవతల, ఇప్పుడు తెలంగాణ అంటున్న వైపు ఒక సర్కారు దవాఖానలో పుట్టాను. నేను పుట్టిన తొమ్మిదో రోజున నన్ను కన్నతల్లి చనిపోయింది. కన్నతండ్రి ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. అవ్వ నన్ను కొంగులో చుట్టుకుని పడవలో ఇవతలికి తెచ్చింది. బళ్ళో వేసేటప్పుడు నా పేరు కోమల్, తండ్రిగా మా బాపు సంగన్న, తల్లిగా మైసవ్వ అని రాయించింది. రేషన్ కార్డులో, ఆధార్‌లో, కులం సర్టిఫికెట్‌లో అదే నడిచింది. ఈ సంగతి వాడలో పెద్దవాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. ఇంట్లో ఎప్పుడూ దాచలేదు, ఎప్పుడూ మాట్లాడుకోనూ లేదు.

నామినేషన్ల పరిశీలనకు ముందు రోజు మధ్యాహ్నం అన్న జీపు ఆపి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. “సేఠ్ బళ్ళెకెల్లి కోమల్ దాఖలా నకలు తీపిచ్చిండు. రేపు అడ్డం పెడ్తడు. ముగ్గురు పిల్లలని.”

బాపు లోపలికి వెళ్ళి దూలానికి కట్టిన సంచి దింపాడు. అందులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. నేను పుట్టిన దవాఖాన చీటీ. దాని మీద నా కన్నతల్లి పేరు, నది అవతలి ఊరి పేరు, తేదీ, గుండ్రటి ముద్ర. పద్దెనిమిదేళ్ళు బాపు దాన్ని దాచాడని నాకు అప్పుడే తెలిసింది.

“ఇగ భయం లేదు,” అన్నాడు అన్న. “ఇది చూపిస్తే సేఠ్ నోరు మూతపడ్తది. పిల్ల మైసవ్వ చెల్లె బిడ్డ అని వాడంత సాక్ష్యం చెప్తది.”

చీకటి పడక ముందే అవ్వ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకు ఆ నెలలోనే నాందేడ్‌లో నర్సింగ్ సీటు వచ్చింది, రిజర్వేషన్ కోటాలో. కులం నిజమేనని తేల్చే వ్యాలిడిటీ కాగితం మూడు నెలల్లో ఇవ్వాలి, లేకపోతే సీటు పోతుంది. ఆ ఫైలు నాందేడ్ కమిటీ దగ్గర ఉంది. కాలేజీ గుమాస్తా నాకు రెండుసార్లు చెప్పాడు: తండ్రి తరఫు కాగితాలన్నీ ఇక్కడివే ఉండాలి, వేరే రాష్ట్రంలో పుట్టినట్టు తేలితే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

“అవ్వా,” అన్నాను. “ఆ చీటీ బయటికొస్తే నా వ్యాలిడిటీ రాదు.”

అవ్వ రొట్టె తిరగేసింది. “అంటే?”

“నేను అవతలి పిల్లనని తేలుతది. బాపు నా తండ్రి కాదని రాతల పడ్తది. సీటు పోతది. మళ్ళ ఎన్నడు రాదు.”

“ఇంకో తీరున చదివే తొవ్వ లేదా బిడ్డా?”

ఉండేది. ఫీజు కట్టి చదవచ్చు, లేదా ఇంకో చదువు చదవచ్చు, లేదా నది అవతలికి వెళ్ళి నా కాగితాలు మొదటినుంచీ చేయించుకోవచ్చు. ఒక సంవత్సరమో రెండో పోయేవి. అవన్నీ ఆ సాయంత్రం నాకు తెలుసు.

“లేదు,” అన్నాను. “నీ ఇష్టం అవ్వా,” అని కూడా అన్నాను.

అవ్వ రొట్టె విరిచి, పచ్చిమిరపకాయ కారం వేసి నా చేతికిచ్చింది. “తిను. సల్లారిపోతది.”

మర్నాడు బిలోలి తహసీల్ వరండా నిండా జనం. అన్న చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు పైకి కనిపిస్తోంది. వాడ నుంచి రుక్మాబాయితో పాటు ఆరుగురు సాక్ష్యానికి వచ్చి బయట కూర్చున్నారు. మా ఊరి వంతు వచ్చాక అవ్వ, అన్న, నేను లోపలికి వెళ్ళాం. సేఠ్ వకీలు తల్లిదండ్రుల పేర్లున్న నా బడి దాఖలా నకలు బల్ల మీద పెట్టి రెండు నిమిషాలు మాట్లాడాడు. బాబురావ్ సేఠ్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అధికారి నడివయసు మనిషి. విసుగు లేకుండా, పిన్నిని పిలిచినట్టు పిలిచి మరాఠీలో అడిగాడు. “మావశీ, ఫారంలో ఇద్దరు పిల్లలని రాశారు. ఇక్కడ కోమల్ అని మూడో పిల్ల ఉంది. తల్లి పేరు మీదే. ఈమె మీ పిల్ల కాదని ఏదైనా కాగితం ఉంటే ఇప్పుడే చూపండి. మీ అర్జు ఉంటుంది.”

అన్న చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. అవ్వ ఆ మణికట్టు పట్టుకుంది.

“కాగితం లేదు సాహెబ్,” అంది, ఆమె కూడా మరాఠీలోనే. “కోమల్ నా బిడ్డే. ఫారం రాసేటప్పుడు తప్పు పోయింది. తప్పు నాది.”

అధికారి కలం బల్ల మీద పెట్టాడు. “ఇంకోసారి ఆలోచించుకోండి.”

“ఆలోచించిన సాహెబ్.”

నేను తలుపు పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే వినబడే దూరం. నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి ఇంకో పేరు పెట్టలేకపోతున్నాను. అధికారి అర్జు మీద అడ్డంగా గీత గీసి ఏదో రాశాడు. అవ్వను వేలిముద్ర వేయమన్నారు. వేసి, సిరా అంటిన వేలు తలకు తుడుచుకుంది.

బయటికి రాగానే రుక్మాబాయి లేచి ఎదురొచ్చింది. “ఏమైందక్కా?”

“అర్జు కొట్టేసిన్రు. ఎంకవ్వది ఉన్నది గద. ఎంకవ్వనే గెలిపిద్దాం.”

“చీటీ చూపెట్టలే?”

అవ్వ జీపు ఎక్కింది. అన్న కుండల్‌వాడి దాకా ఎక్కడా ఆపకుండా నడిపాడు. నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

రెండు రోజుల్లో సంగతి వాడంతా పాకింది. చీటీ జేబులో పెట్టుకుని కూడా మైసవ్వ చూపలేదట. కొడుకు తీయబోతే చెయ్యి పట్టుకుందట. ఎందుకు? చెప్పదు. చెప్పకపోయేసరికి జనం వాళ్ళకు తోచిన కారణం వాళ్ళే చెప్పుకున్నారు. సేఠ్ ముందురోజే కబురు పంపాడని ఒకరు, చిన్నకొడుక్కు దుకాణంలో నౌకరీ మాట్లాడుకుందని ఒకరు. అసలు సంగతి చెప్పాలంటే నా ఫైలు గురించి చెప్పాలి. వాడలో చెప్పింది సాయంత్రానికి సేఠ్ దుకాణానికి చేరుతుంది, అక్కణ్ణుంచి నాందేడ్ ఎంత దూరం? అందుకని అవ్వ బాపును, అన్నను పిలిచి ఒకేమాట అంది. “ఎవరేమన్నా అననియ్యుండ్రి. మీరు మాత్రం నోరు జారొద్దు.”

ఆ వారం నేను కూడా పత్తికి వెళ్ళాను. అవ్వ ఒక సాలు, పక్క సాలు నేను, ఆ పక్కన రుక్మాబాయి. ఆమె వీపుకు కట్టుకున్న సంచి సగం నిండింది. ఏరుతూ ఏరుతూ ఆగిపోయి అవ్వవైపు తిరిగింది.

“ఒక్క మాటంటే సర్పంచ్ అయితుంటివి. మాకు నీళ్ళస్తుండె. ఆ మాట ఎంతకు అమ్ముకున్నవే?”

చుట్టూ ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. అవ్వ చేతులు ఆగలేదు.

“సేఠింట్ల కూసోని చాయ్ తాగినవట,” అంది రుక్మాబాయి. “నీ ఎంట మూడు దినాలు ఉపాసమున్నోళ్ళం. మాకన్న చెప్పు. మేం ఏం తప్పు చేసినం?”

“మీరేం చెయ్యలే రుక్మా.” అవ్వ తలెత్తలేదు. “నన్ను ఎంతన్న అను. ఓటు మాత్రం ఎంకవ్వకెయ్యి.”

రుక్మాబాయి ఉమ్మేసి ఇంకో సాలుకు వెళ్ళిపోయింది. నా వేళ్ళకు పత్తికాయ ముళ్ళు గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆ రక్తం పత్తికి అంటకుండా చీరకొంగుకు తుడుచుకుంటూ నేను తలవంచుకుని ఏరుతూనే ఉన్నాను.

ఎంకవ్వకు కప్పూ సాసరూ గుర్తు వచ్చింది, మా మాటలో కప్పు బసి. ఆమెను ఇంటింటికీ తిప్పడం అవ్వ పని. పత్తి చేలనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎంకవ్వను ముందు నడిపించి తను రెండడుగులు వెనక నడిచేది. గడప ముందు చేతులు జోడించి, “మా ఎంకవ్వ. కప్పు బసి,” అనేది. తన పేరు చెప్పేది కాదు. పై వీధిలో ఎవరో కుర్చీ వేస్తే ఎంకవ్వను కూర్చోబెట్టి తను మెట్టు మీద కూర్చునేది. కొందరు తలుపు తీసేవాళ్ళు కాదు. మా వాడలోనే ఒకాయన, “పోయినవారం నీకెయ్యమంటివి, ఇయ్యాల ఈమెకంటున్నవ్, రేపు సేఠ్ పెండ్లాంకెయ్యమంటవా?” అన్నాడు. అవ్వ అదే నమస్కారం పెట్టి పక్కింటికి వెళ్ళింది.

ఎంకవ్వకు తన గుర్తే జ్ఞాపకం ఉండేది కాదు. ఒక ఇంట్లో “గ్లాసు గుర్తుకెయ్యుండ్రి” అనేసి నాలుక కరుచుకుంది. దారిలో ఆమె ఏడ్చింది.

“నా మొకం చూసి ఎవరేస్తరు మైసవ్వా? నాకు మాట్లాడరాదు. నీ లెక్క చేసుడు నాతోటి కాదు.”

“నువ్వు ఊకె నిలబడు అక్కా. మాట నేను మాట్లాడ్త.”

“నిన్ను గిట్ల తిడ్తుంటే నాకు సిగ్గయితున్నది. చెప్పరాదే, ఎందుకు చేసినవో? నేనెవ్వరికి చెప్ప.”

అవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిపించింది. “ఆ మలుపుకాడ ఇంక మూడిండ్లున్నయి. అన్నం యాళ్ళకు ముందే పోదాం.”

వాళ్ళ వెనకాల కరపత్రాలు పట్టుకుని నేను నడుస్తున్నాను. నాకు కాలేజీ మొదలు కావడానికి ఇంకా పది రోజులున్నాయి.

ఎన్నిక రోజు అవ్వ ముసలివాళ్ళను ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని బడి దాకా నడిపించింది. రుక్మాబాయి ఓటు వేయడానికి రాలేదు. ఆమె ఇంటి వరసలో చాలామంది రాలేదు. లెక్కింపు బిలోలిలో జరిగింది. ఎంకవ్వ పదకొండు ఓట్లతో ఓడిపోయింది.

గులాలు రంగు చల్లుకుంటూ ఉమాబాయి ఊరేగింపు ఊళ్ళోకి వచ్చిన సాయంత్రం అవ్వ ఒక్కతే సేఠ్ ఇంటికి బయల్దేరింది. వద్దని బాపు అడ్డం నిలబడ్డాడు. నేను ఆమె వెంట వెళ్ళాను. ఉమాబాయి వాకిట్లో ఉంది. ముఖం నిండా గులాలు. అవ్వను చూసి మెట్లు దిగి వచ్చింది.

“నువ్వుంటే నేను గెలవకపోతుంటి మైసవ్వా,” అంది నెమ్మదిగా. “ఆ సంగతి నాకు తెలుసు, సేఠ్‌కు సుత తెలుసు.”

“గెలిచినవ్ గద అక్కా, మంచిది. మా పైపు ఠరావు మొదటి గ్రామసభల పెట్టు. గదొక్కటడగ అచ్చిన.”

“పెడ్త,” అంది ఉమాబాయి. నిజంగానే అనుకుని అన్నదనే ఇప్పటికీ నా నమ్మకం. సంతకాలు మాత్రం సేఠ్ చెప్పినచోటే పడ్డాయి. రెండేళ్ళకు పైపు మా వాడ మొదట్లో ఉన్న గుడి దాకా వచ్చింది. నలభై ఇళ్ళకు ఒక్క నల్లా.

అవ్వ సేఠ్ ఇంటికి వెళ్ళడం వీధిలో అందరూ చూశారు. మిగిలిన అనుమానం కూడా ఆ సాయంత్రంతో తీరిపోయింది వాళ్ళకు.

జనవరిలో నా వ్యాలిడిటీ వచ్చింది. నాందేడ్ నుంచి ఇంటికి తెచ్చి అవ్వకు చూపించాను. చేతులు కొంగుకు తుడుచుకుని పట్టుకుంది. “ఏం రాసిన్రు?”

“కోమల్, సంగన్న బిడ్డ అని.”

“నా పేరున్నదా?”

“లేదవ్వా. తండ్రి పేరే రాస్తరు.”

“అట్లనా?” అని కాసేపు ఆ కాగితం చూసింది. తర్వాత జాగ్రత్తగా మడవకుండా నాకే ఇచ్చేసి, బిందె తీసుకుని నీళ్ళకు వెళ్ళింది. అంతకుముందు పదిమంది కలిసి వెళ్ళేవాళ్ళు. ఆ రోజుల్లో అవ్వ ఒక్కతే వెళ్ళేది.

ఈ వానాకాలం నేను చదువు చివరి సంవత్సరంలో ఉన్నాను. నాందేడ్‌లో వార్డు డ్యూటీ. శ్రావణంలో రుక్మాబాయి డెంగీతో మా వార్డుకే వచ్చింది. రెండు రోజులు ఒళ్ళు తెలియలేదు. మూడో రోజు కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. సెలైన్ మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు బంగారమసొంటి పిల్లవు బిడ్డా. నీ అవ్వ తీరు కాదు నువ్వు.”

నేను సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఎవరు చెప్పారో, మర్నాడు పొద్దున్నే అవ్వ బస్సులో వచ్చింది. గుడ్డలో కట్టిన రొట్టెలు, పలచగా కాచిన పెసరకట్టు. రుక్మాబాయి చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది. అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది. రుక్మాబాయి కాళ్ళు లాక్కోలేదు. లాక్కునే బలం లేదు.

“ఎందుకచ్చినవ్?”

“జరమచ్చిందని తెలిసింది. అచ్చిన.”

“వాడ నోట్ల మన్ను కొట్టినవ్. ఇప్పుడు నా కాళ్ళొత్తుతున్నవ్.” గోడకేసి చూస్తూనే అంది. “సచ్చేదాక మర్వ నేను.”

నా చేతిలో చార్టు ఉంది. దాన్ని మంచం మీద పెట్టాను.

“చిన్నమ్మా,” అన్నాను రుక్మాబాయితో. “ఆనాడు బిలోలిల అవ్వ ఆ చీటీ ఎందుకు...”

“కోమల్.” అవ్వ చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు. “ఆ మూల మంచం మీది ముసలామె పిలుస్తున్నది. పో బిడ్డా, చూడు.”

నేను వెళ్ళాను. మూల మంచం మీది ముసలామె మంచి నిద్రలో ఉంది. ఆమె దుప్పటి సరిచేశాను. సరిగ్గానే ఉన్నదాన్ని ఇంకోసారి సరిచేసి, వాళ్ళవైపు వీపు పెట్టి అక్కడే నిలబడ్డాను.